ఫాంటసీ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్ విలువ ఎలా లెక్కగట్టాలి

2022 ఆగస్టులో మా ఫాంటసీ లీగ్ డ్రాఫ్ట్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని జట్లు కట్టుకునే రోజు. అసలు మ్యాచ్‌ల్లో వాళ్లు ఆడినదాన్ని బట్టే మనకి పాయింట్లు. పన్నెండు మందిమి, అందరం డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లమే. బిర్యానీ ట్రేలు ఒక పక్క, ల్యాప్‌టాప్‌లు ఒక పక్క పెట్టుకుని కూర్చున్నాం. నాలుగో రౌండ్‌లో నా వంతు వచ్చేసరికి లిస్టులో గేబ్ డేవిస్ పేరు కనపడింది. బఫలో బిల్స్ రిసీవర్. అదే ఏడాది జనవరి 23న ప్లేఆఫ్ మ్యాచ్‌లో కాన్సాస్ సిటీ చీఫ్స్ మీద 8 క్యాచ్‌లు, 201 యార్డులు, 4 టచ్‌డౌన్లు (బంతితో ప్రత్యర్థి గోల్ లైన్ దాటడం) కొట్టాడు. బిల్స్ ఓడిపోయారు కానీ ఆ రాత్రి డేవిస్ ఆట నా కళ్ల ముందు నుంచి పోలేదు. టక్కున తీసేసుకున్నాను. పక్కనున్న మిత్రుడు, "ఏరా, ఒక్క పూట చూసి పిల్లనిచ్చేస్తావా?" అన్నాడు.

వాడు తన వంతులో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ రిసీవర్ డియాంటే జాన్సన్‌ని తీసుకున్నాడు. సీజన్ అయ్యేసరికి డేవిస్ 7 టచ్‌డౌన్లు చేస్తే, జాన్సన్ ఒక్కటంటే ఒక్కటి కూడా చేయలేదు. వాణ్ణి ఎంత ఏడిపించామో చెప్పలేను. తర్వాత ఓ రోజు తీరిగ్గా లెక్క వేస్తే తెలిసింది. క్యాచ్‌కి ఒక పాయింట్ ఇచ్చే పద్ధతిలో, క్యాచ్‌లు, యార్డులు, టచ్‌డౌన్లు కలిపితే డేవిస్‌కి 173.6, జాన్సన్‌కి 174.2. సున్నా టచ్‌డౌన్ల వాడు నా వాడికంటే పిసరంత ముందే ఉన్నాడు. డేవిస్ రెండు మ్యాచ్‌లు తక్కువ ఆడాడని నేను వాదించాను, అది నిజమే కూడా. కానీ ఆ లెక్క చూశాకే రిసీవర్లను ఎలా చూడాలో మొదటి నుంచి నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

క్రికెట్ డ్రీమ్ లెవెన్ మాత్రమే తెలిసినవాళ్లకి రెండు ముక్కలు. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ఫుట్‌బాల్ లీగ్) ఫాంటసీలో ఎక్కువమంది ఆడేది సీజన్ మొత్తం నడిచే లీగ్. మ్యాచ్‌కో కొత్త జట్టు పెట్టుకోవడం ఉండదు. డ్రాఫ్ట్‌లో మీరు తీసుకున్న ఆటగాడు మీ లీగ్‌లో ఇంకెవరికీ ఉండడు. ఇక వైడ్ రిసీవర్ అంటే, మైదానంలో ముందుగా అనుకున్న దారిలో (దీన్నే రూట్ అంటారు) పరుగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టేవాడు. అతని వైపు విసిరిన ప్రతి బంతినీ టార్గెట్ అంటారు, పట్టినా పట్టకపోయినా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని చుట్టూనే తిరుగుతాం.

1. ముందు మీ లీగ్ రూల్స్ పేజీ తెరవండి

ఇది చాలామంది వదిలేస్తారు. ఇంటర్నెట్‌లో కనిపించిన ర్యాంకింగ్ లిస్టు పట్టుకుని డ్రాఫ్ట్‌కి వచ్చేస్తారు, ఆ లిస్టు ఏ పాయింట్ల పద్ధతికి తయారుచేశారో చూడరు.

మామూలుగా 10 యార్డులకు 1 పాయింట్, టచ్‌డౌన్‌కి 6. ఇక్కడిదాకా ఎక్కువ లీగ్‌లు ఒకటే. తేడా అంతా క్యాచ్ దగ్గరే. పీపీఆర్ లీగ్‌లో ప్రతి క్యాచ్‌కి 1 పాయింట్, హాఫ్ పీపీఆర్‌లో అర పాయింట్, స్టాండర్డ్‌లో ఏమీ ఉండదు.

దీనివల్ల ఎంత మారుతుందో 2023 సీజన్‌లో చూడండి. మయామీ డాల్ఫిన్స్ టైరీక్ హిల్ 119 క్యాచ్‌లు, 1,799 యార్డులు, 13 టచ్‌డౌన్లు. డాలస్ కౌబాయ్స్ సీడీ ల్యాంబ్ 135 క్యాచ్‌లు, 1,749 యార్డులు, 12 టచ్‌డౌన్లు. బంతి చేతపట్టి పరుగెత్తినప్పుడు వచ్చినవి పక్కన పెట్టి, పట్టిన వాటికే లెక్క వేద్దాం. స్టాండర్డ్‌లో హిల్ 257.9, ల్యాంబ్ 246.9. హిల్ 11 పాయింట్లు పైన. అదే పీపీఆర్‌లో హిల్ 376.9, ల్యాంబ్ 381.9. ఇప్పుడు ల్యాంబ్ పైన. ఆటగాళ్లు అదే, సీజన్ అదే, రూల్ మారింది అంతే.

రూల్స్ పేజీలోనే ఇంకో రెండు విషయాలు కాగితం మీద రాసుకోండి: వారానికి ఎంతమంది రిసీవర్లను ఆడించాలి, ఫ్లెక్స్ స్థానం (రిసీవర్‌నైనా, ఇంకో రకం ఆటగాడినైనా పెట్టగలిగేది) ఉందా లేదా. ఇవి ఆరో మెట్టులో పనికొస్తాయి.

2. టార్గెట్లు లెక్కపెట్టండి

రిసీవర్ ఎంత మొనగాడైనా బంతి తనంతట తాను తెచ్చుకోలేడు. ఎవరో విసరాలి. అందుకే నేను ఒక రిసీవర్ పేరు వినగానే మొదట చూసేది క్యాచ్‌లు కాదు, యార్డులూ కాదు. మ్యాచ్‌కి ఎన్ని టార్గెట్లు వస్తున్నాయన్నదే. క్యాచ్‌లు, టచ్‌డౌన్లు వారం వారం ఎగుడుదిగుడుగా ఉంటాయి. టార్గెట్లు వాటికంటే నిలకడగా ఉంటాయి, ఎందుకంటే అవి కోచ్‌కి, క్వార్టర్‌బ్యాక్‌కి అతని మీద ఉన్న నమ్మకాన్ని చూపిస్తాయి.

ఎంత ఉంటే బాగున్నట్టు? జట్టు మ్యాచ్‌కి 35 సార్లు బంతి విసురుతుందనుకోండి. 17 మ్యాచ్‌లకి 595. అందులో నాలుగో వంతు ఒకడికే వస్తే దాదాపు 149. దీన్నే టార్గెట్ షేర్ అంటారు. 25 శాతం దాటినవాడు జట్టులో పెద్దకొడుకు లాంటివాడు, ఏం వండినా మొదటి ముద్ద అతనికే. 20 శాతం దగ్గర ఉంటే బాగానే ఉన్నట్టు. 15కి దిగువనుంటే ఆ రిసీవర్ ప్రతి ఆదివారం మీకు టెన్షన్ పెడతాడు.

శాతంతో పాటు జట్టు మొత్తం ఎన్ని విసురుతుందో కూడా చూడాలి. 2024లో సిన్సినాటి బెంగాల్స్ జమార్ చేస్‌కి 175 టార్గెట్లు వచ్చాయి. 127 క్యాచ్‌లు, 1,708 యార్డులు, 17 టచ్‌డౌన్లు, మూడింటిలోనూ లీగ్ మొత్తానికి అతనే మొదటివాడు. ఆ ఏడాది వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరో 652 పాసులు విసిరాడు. ఎందుకంటే బెంగాల్స్ డిఫెన్స్ పాయింట్లు ధారపోస్తూ ఉంటే, వెనకబడ్డ జట్టు విసురుతూనే ఉండాల్సి వచ్చింది. ఆ జట్టు ప్లేఆఫ్‌కి కూడా వెళ్లలేదు. ఫాంటసీలో మనకేం బాధ? డిఫెన్స్ చిల్లుల బిందె అయిన జట్టులో మంచి రిసీవర్ ఉంటే మనకి పండగే.

టార్గెట్లు చూసేవాడికి కొత్త ఆటగాడు అందరికంటే ముందే కనపడతాడు. 2023లో లాస్ ఏంజెలిస్ ర్యామ్స్ పూకా నకువా అలాగే దొరికాడు. అసలు ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్‌లో 177వ ఆటగాడిగా జట్టు తీసుకున్న కుర్రాడు. కూపర్ కప్ గాయంతో మొదటి నాలుగు మ్యాచ్‌లకి లేకపోవడంతో అవకాశం వచ్చింది. మొదటి మ్యాచ్‌లో 15 టార్గెట్లు, 10 క్యాచ్‌లు, 119 యార్డులు. టచ్‌డౌన్ లేదు. రెండో మ్యాచ్‌లో 20 టార్గెట్లు, 15 క్యాచ్‌లు. అప్పుడూ లేదు. మూడు వారాలు టచ్‌డౌన్ లేకుండా గడిచి నాలుగో వారంలో మొదటిది వచ్చింది. టచ్‌డౌన్ల లిస్టు మాత్రమే చూసేవాళ్లకి అతను కనపడే లోపల, మొదటి మ్యాచ్ అయిన మంగళవారం రాత్రే మా లీగ్‌లో ఒకడు వేవర్‌లో (ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్లను తీసుకునే చోటు) ఎగరేసుకుపోయాడు. సీజన్ చివరికి నకువావి 105 క్యాచ్‌లు, 1,486 యార్డులు. కప్ తిరిగొస్తే ఇతని బంతులు తగ్గిపోతాయన్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ అన్నాను. కప్ వచ్చాడు, బంతులు మాత్రం వస్తూనే ఉన్నాయి.

స్నాప్ శాతం అని ఇంకో లెక్క కనపడుతుంది, అంటే జట్టు ఆడిన ప్లేలలో ఎన్నింటికి ఇతను మైదానంలో ఉన్నాడన్నది. దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. మైదానంలో ఉండి బ్లాకింగ్ (ప్రత్యర్థులను అడ్డుకోవడం) మాత్రమే చేసే రిసీవర్లు ఉంటారు. క్వార్టర్‌బ్యాక్ పాస్‌కి వెనక్కి తగ్గినప్పుడు ఎన్నిసార్లు ఇతను రూట్ పరుగెత్తాడన్నదే అసలు లెక్క. పరుగెత్తిన ఒక్కో రూట్‌కి ఎన్ని యార్డులు వచ్చాయన్న లెక్క కూడా దొరికితే చూడండి. 2 దాటితే వాడు నిజంగా ఆటగాడే.

3. ఆ బంతి ఎవరు విసురుతున్నారు?

టార్గెట్లే సర్వస్వం అనుకుని నేను 2023లో ఇంకో దెబ్బ తిన్నాను. ఈసారి గ్యారెట్ విల్సన్, న్యూయార్క్ జెట్స్. ఆరన్ రాడ్జర్స్ ఆ జట్టుకి వచ్చాడు, ఇక విల్సన్‌కి తిరుగులేదనుకున్నాం. సెప్టెంబర్ 11న మొదటి మ్యాచ్‌లో నాలుగు స్నాప్‌లు అయ్యాయో లేదో రాడ్జర్స్ మడమ వెనకుండే ఆకిలీస్ స్నాయువు తెగింది. సీజన్ అక్కడితో సరి.

విల్సన్‌కి ఆ సీజన్‌లో వచ్చిన టార్గెట్లు 168. అదే ఏడాది హిల్‌కి వచ్చినవి 171. తేడా మూడంటే మూడు. ఫలితం చూడండి: హిల్‌కి పీపీఆర్‌లో 376.9 పాయింట్లు, విల్సన్‌కి 95 క్యాచ్‌లు, 1,042 యార్డులు, 3 టచ్‌డౌన్లతో 217.2. ఒక్కో టార్గెట్‌కి హిల్ 2.2 పాయింట్లు రాబడితే, విల్సన్ 1.3 దగ్గరే ఆగిపోయాడు. విల్సన్‌కి చేతకాక కాదు. హిల్‌కి విసిరిన మయామీ క్వార్టర్‌బ్యాక్ టూవా టాగోవైలోవా ఆ సీజన్‌లో పాసింగ్ యార్డుల్లో లీగ్‌కే మొదటివాడు. విల్సన్‌కి విసిరినవాళ్లు రాడ్జర్స్ బదులు వచ్చినవాళ్లు.

అందుకని ప్రతి రిసీవర్ పేరు పక్కన క్వార్టర్‌బ్యాక్ పేరు కూడా రాయండి. అతను బెంచ్ మీదకి పోతే వచ్చేదెవరో కూడా రాయండి. డ్రాఫ్ట్ రోజున ఆ రెండో పేరు చదవగానే మీ మొహం వాడిపోతే, ఆ రిసీవర్‌ని ఒక రౌండ్ కిందికి దింపండి.

బంతి ఎంత దూరం విసురుతున్నారన్నది కూడా ఇక్కడే చూడాలి. సగటున 15 యార్డుల దూరానికి విసిరే టార్గెట్లు ఉన్నవాడు పట్టినప్పుడు ఇల్లు నిండుతుంది, పట్టని వారం పొయ్యి వెలగదు. మైదానం మధ్యలో, స్లాట్‌లో నిలబడి 6, 7 యార్డుల బంతులు పట్టేవాడు పీపీఆర్‌లో నెలజీతం లాంటివాడు. డేవిస్ మొదటి రకం. 2022 అక్టోబర్ 9న పిట్స్‌బర్గ్ మీద 3 క్యాచ్‌లతోనే 171 యార్డులు, 2 టచ్‌డౌన్లు చేశాడు. అందులో ఒకటి 98 యార్డులది. ఆ ఒక్క మ్యాచ్‌లో 32.1 పాయింట్లు. అంటే సీజన్ మొత్తం సంపాదనలో ఐదో వంతుకి కాస్త తక్కువ, ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసింది. మిగతా వారాలు నేనెలా గడిపానో ఊహించుకోండి. రెండు రకాలూ పనికొస్తాయి. కానీ ముగ్గురు రిసీవర్లనూ మొదటి రకం వాళ్లనే పెట్టుకుంటే మాత్రం మీ ఆదివారం గోవిందా.

4. టచ్‌డౌన్లను కొంచెం అనుమానంగా చూడండి

మళ్లీ జాన్సన్ దగ్గరికి వద్దాం. 2022లో 147 టార్గెట్లు, 86 క్యాచ్‌లు, 882 యార్డులు, సున్నా టచ్‌డౌన్లు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వంద పాసులకి సుమారు నాలుగు టచ్‌డౌన్ అవుతాయి. ఆ లెక్కన 147 టార్గెట్లకి ఐదారు రావాలి. అంటే 30, 36 పాయింట్లు గాలికి పోయాయి. అంతకుముందు 2021లో ఇదే మనిషి ఇదే జట్టులో 8 చేశాడు. తర్వాత 2023లో తక్కువ మ్యాచ్‌లు ఆడి కూడా 5 చేశాడు. నీళ్లు పల్లానికి చేరినట్టు టచ్‌డౌన్లు సగటు దగ్గరికి చేరతాయి, కానీ మనం అనుకున్న వారానికి చేరవు.

అయితే అంతా దురదృష్టమే అనుకోకండి. ఆ ఏడాది స్టీలర్స్‌కి విసిరిన ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లలో కెనీ పికెట్ 7 టచ్‌డౌన్ పాసులు, మిచ్ ట్రుబిస్కీ 4 విసిరారు. పంచడానికి గిన్నెలో ఉన్నదే గరిటెడు. అందుకే టచ్‌డౌన్లు తక్కువైన రిసీవర్ కనపడితే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. జట్టు మొత్తానికే తక్కువ వచ్చాయా? గోల్ లైన్‌కి 20 యార్డుల లోపల (దీన్నే రెడ్ జోన్ అంటారు) ఇతని వైపు విసిరారా, లేదా? జట్టుకి బాగానే వచ్చి, రెడ్ జోన్‌లో ఇతనికి విసిరి కూడా రాకపోతే, వచ్చే ఏడాది అతన్ని చవగ్గా కొనండి. రెడ్ జోన్‌లో అతన్ని అసలు పట్టించుకోకపోతే వదిలేయండి.

వెనక నుంచి కూడా ఇదే లెక్క. 60 టార్గెట్లకి 10 టచ్‌డౌన్లు చేసినవాడు కనపడితే, అతన్ని మీ పక్కవాడికి వదిలిపెట్టండి.

5. ఒళ్లు, వయసు

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ మైకేల్ థామస్ 2019లో 149 క్యాచ్‌లు పట్టి రికార్డు సృష్టించాడు. మరుసటి ఏడాది మొదటి మ్యాచ్‌లోనే చీలమండ దెబ్బతింది, ఆ సీజన్‌లో 7 మ్యాచ్‌లే ఆడాడు. 2021 మొత్తం ఆడలేదు. దీన్ని ముందే ఎవరూ చెప్పలేరు, కాబట్టి ఎవరికైనా జరగొచ్చు అనుకుని బెంచ్ తయారుగా పెట్టుకోవాలి. వయసు మాత్రం ముందే కనపడుతుంది. టైరీక్ హిల్ 30వ ఏట, 2024లో, 959 యార్డుల దగ్గర ఆగాడు. టూవా కంకషన్‌తో (తలదెబ్బ) కొన్ని మ్యాచ్‌లు లేకపోవడం ఒక కారణం, కానీ వేగం మీద బతికే రిసీవర్‌ని 30 దాటాక మొదటి రౌండ్‌లో తీసుకోవాలంటే నాకు చెయ్యి రాదు.

6. ఇప్పుడు ధర కట్టండి

ఇంతవరకు చూసింది ఆటగాడిని. ఫాంటసీలో విలువ అంటే ఆటగాడు మాత్రమే కాదు, అతని కోసం మీరు వదులుకునేది కూడా.

మీ లీగ్‌లో 12 జట్లు, వారానికి ముగ్గురు రిసీవర్లు ఆడాలనుకోండి. అంటే 36 మంది ఆడతారు. 37వ వాడు బెంచ్ మీదో, వేవర్‌లోనో దాదాపు ఉచితంగా దొరుకుతాడు. పోయిన ఏడాది మీ లీగ్ పాయింట్ల పట్టిక తీసి ఆ 37వ వాడికి ఎన్ని వచ్చాయో చూడండి. 150 అనుకుందాం. ఇప్పుడు 300 పాయింట్లు చేస్తాడనుకునే రిసీవర్ అసలు విలువ 300 కాదు, 150. 200 చేసేవాడి విలువ 50. పాయింట్లలో ఒకటిన్నర రెట్లు కనపడిన తేడా, విలువలో మూడు రెట్లయింది. ఇదే లెక్క రన్నింగ్ బ్యాక్‌లకి (బంతి చేతపట్టి పరుగెత్తేవాళ్లు) కూడా వేసి రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, మొదటి రెండు రౌండ్లలో ఎవరిని తీసుకోవాలో కాగితమే చెబుతుంది. ఫ్లెక్స్ స్థానం ఉంటే 36 కాస్త పెరుగుతుంది, పీపీఆర్‌లో ఫ్లెక్స్‌లో చాలామంది రిసీవర్‌నే పెడతారు కాబట్టి 42 దాకా వేసుకోండి. వేలం లీగ్‌లో 200 డాలర్ల బడ్జెట్ ఉన్నా ఇదే సూత్రం, రౌండ్ బదులు డాలర్.

నా డేవిస్, వాడి జాన్సన్ ఇద్దరూ చివరికి సమానమే అన్నాను కదా. ఇద్దరూ చెడ్డ ఆటగాళ్లు కాదు. నాలుగో రౌండ్ ధరకి ఇద్దరూ తగరు, అంతే. తొమ్మిదో రౌండ్‌లో దొరికి ఉంటే ఇద్దరినీ నెత్తిన పెట్టుకునేవాళ్లం. కాబట్టి ప్రతి పేరు పక్కన మీరు ఇవ్వగలిగిన రౌండ్ ముందే రాసుకోండి. ఆ రౌండ్ కంటే ముందు తీసుకోవాలనిపిస్తే, అది మీరు చూసిన ఏదో ఒక్క మ్యాచ్ మాట్లాడుతోందని అర్థం.

ఒక జాగ్రత్త. డాలస్ లీగ్‌లో కౌబాయ్స్ ఆటగాళ్లు ఎప్పుడూ ఒక రౌండ్ ముందే అయిపోతారు. ఊరి మీద ప్రేమకి కూడా ధర ఉంటుంది. మీరు ప్రేమించకపోతే ఆ రౌండ్‌లో ఇంకో మంచివాడు మీకు మిగులుతాడు.

7. సీజన్ మొదలయ్యాక

ప్రత్యర్థి డిఫెన్స్ ఎవరన్నది నేను పెద్దగా పట్టించుకోను. వారానికి 10 టార్గెట్లు వచ్చేవాడిని గట్టి కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని కాపలా కాసే డిఫెండర్) ఎదురొచ్చాడని బెంచ్ మీద కూర్చోబెట్టి నెత్తీనోరూ కొట్టుకున్నవాళ్లే ఎక్కువ. ఆ చర్చ మూడో రిసీవర్‌కి, ఫ్లెక్స్‌కి పరిమితం చేయండి.

పట్టించుకోవాల్సింది గాయాల రిపోర్టు. ఆదివారం మ్యాచ్‌లకి బుధ, గురు, శుక్రవారాల్లో ప్రాక్టీస్ వివరాలు వస్తాయి. బుధవారం ప్రాక్టీస్ చేయలేదంటే కంగారు అక్కర్లేదు, చాలామంది సీనియర్లకి అది విశ్రాంతి రోజు. శుక్రవారం కూడా దిగలేదంటే ప్రత్యామ్నాయం చూసుకోండి. చివరి మాట మాత్రం మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు వస్తుంది, ఎవరు ఆడటం లేదో అప్పుడు ప్రకటిస్తారు.

హైదరాబాద్, విజయవాడల నుంచి ఇలాంటి లీగ్‌లలో ఆడే తమ్ముళ్లకి ఈ గంటలు ముఖ్యం. తూర్పు అమెరికా టైం మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్‌లు ఇండియాలో ఆదివారం రాత్రి 10:30కి మొదలవుతాయి, కాబట్టి 9 గంటలకి అలారం పెట్టుకోండి. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి 11:30కి మ్యాచ్, 10కి అలారం. గురువారం రాత్రి మ్యాచ్ ఇండియాలో శుక్రవారం తెల్లవారుజామున.

ఆ గురువారం మ్యాచ్‌లో ఆడే రిసీవర్‌ని ఫ్లెక్స్‌లో ఎప్పుడూ పెట్టకండి. మామూలు రిసీవర్ స్థానంలోనే పెట్టండి. ఫ్లెక్స్ ఖాళీగా ఉంచితే, ఆదివారం ఎవరైనా ఆడటం లేదని తెలిసినప్పుడు అక్కడ రన్నింగ్ బ్యాక్‌నైనా, టైట్ ఎండ్‌నైనా దింపొచ్చు. మా కజిన్ ఒకడు పోయిన సీజన్‌లో గురువారం రిసీవర్‌ని ఫ్లెక్స్‌లో పెట్టి లాక్ చేసేశాడు. ఆదివారం అతని మూడో రిసీవర్ ఆడలేదు. బెంచ్ మీద ఉన్నదంతా రన్నింగ్ బ్యాక్‌లే. సున్నా పెట్టుకుని, నాలుగు పాయింట్లతో ఓడి, సోమవారం పొద్దున్నే నాకు ఫోన్ చేసి "అన్నా, యాప్‌లో ఏదో ప్రాబ్లం ఉన్నట్టుంది" అన్నాడు.